గుంట గట్టు మీద చెవి

మా మందిరంలో పదకొండు నెలల పాటు నన్ను ప్రవక్త అని పిలిచారు. ఇందుకూరుపేట నుంచి తోటపల్లి గూడూరు దాకా ఎవరి ఇంట్లో ఏ గుట్టున్నా ప్రభువు నాకు చెప్పేస్తాడని పేరు. ఆ పదకొండు నెలల్లో నలభై మంది రహస్యాలు, వాళ్లు నోరు తెరవకముందే, వాళ్ల ముఖాన చెప్పాను.

నలభై కాదు, ఏడుగురు. డెబ్బై మూడేళ్ల అలవాటు ఇది. ఏది చెప్పబోయినా నోటికి ముందు పెద్ద అంకె వస్తుంది. దాన్ని కొట్టేసి రాయడం నాకు చేతకాదు. అందుకని పెద్దది అలాగే వదిలి, పక్కనే నిజం రాస్తున్నాను. నా పెద్ద మాటల వల్ల ఒక ఆడమనిషి, తన కూతురితో దాక్కున్న చోటు పోగొట్టుకుంది. అది చెప్పడానికే ఈ రాత.

సముద్రానికి దగ్గర్లో నాకు పది ఎకరాల రొయ్యల గుంటలున్నాయి. అంటే ఒక గుంట. ఎకరంన్నర. అదీ నా భార్య పేరు మీద. గట్టు మీద రేకుల షెడ్డు, దానికో వసారా, ముందు ఒక ఇనప స్తంభం. చుట్టుపక్కల గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల మోటార్లు మాయమవుతున్నాయని గోల పుట్టినప్పుడు, మేత దుకాణం అతను ఆ స్తంభానికి ఒక కెమెరా బిగించాడు. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసే మీటరు కూడా దాని డబ్బాలోనే. రెంటికీ కలిపి ఒక సిమ్ము వేశాడు.

"ఇంక మీరు మంచం మీద పొణుకోని గుంట చూసుకోవచ్చు పెద్దాయనా" అన్నాడు, నా ఫోనులో ఏదో దింపుతూ.

"బొమ్మ స్తంభం కాడి నించి నా ఫోనుకి ఎట్టొస్తాది?"

"ముందు పైకి పోతాది. క్లౌడు. ఆడ నించి మీ ఫోనుకి దిగతాది."

"పైకంటే యాడికి?"

"యాడో ఊళ్లో పెద్ద పెద్ద కంప్యూటర్లు ఉంటాయిలే. ముప్పై దినాలు ఆడ దాచిపెడతారు."

"దాచినోళ్లు చూడరా?"

"మీ గుంట చూసి వాళ్లేం జేసుకుంటారు పెద్దాయనా, రొయ్యల్ని లెక్కబెట్టుకుంటారా?"

ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత ఇంగ్లీషులో బారెడు కాగితం తెరమీద వచ్చింది. కిందిదాకా తోసి, అంగీకరిస్తున్నాను అన్న చోట నొక్కమన్నాడు. నొక్కాను. నేను అంగీకరించాను సరే, ఆ షెడ్డులో ఉండే మనిషిని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. పాస్‌వర్డుగా నా ఫోను నంబరే పెట్టాడు. పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు.

"వినబడతాది కూడా. ఇదిగో, ఈ మైకు బొమ్మ నొక్కి మీరు ఇంట్లో మాట్లాడితే ఆడ స్తంభం మాట్లాడతాది. దొంగ నాకొడుకుల్ని అదిలించొచ్చు."

కెమెరా అడుగున నువ్వుగింజంత బెజ్జం. అదే చెవి.

మా షెడ్డు వసారా ఆ దారిలో ఉన్న ఒకే ఒక్క నీడ. రొయ్యలు ఒలిచే కంపెనీకి పోయే ఆడవాళ్లు వ్యాను వచ్చేదాకా అక్కడ కూర్చుంటారు. పక్క గుంటల పనివాళ్లు మధ్యాహ్నం అన్నం మూట అక్కడే విప్పుతారు. అన్నం తినేవాళ్లు మాట్లాడుకుంటారు. నేను ఇంట్లో వరండాలో కుర్చీ వేసుకుని, ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ని. వాక్యం వింటున్నాననుకుని నా భార్య వంటింట్లో గిన్నెలు కూడా మెల్లగా పెట్టేది.

మొదటి ప్రత్యక్షత ఒక శుక్రవారం వచ్చింది. మా దగ్గర శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఉదయం నుంచి మంచినీళ్లు తప్ప ముట్టకుండా సాయంత్రం నాలుగింటికి మందిరంలో చేరతాం. మా సంఘ పెద్దల్లో ఒకాయన ఉన్నాడు, ఉపవాసం గురించి అందరికంటే గట్టిగా బోధించేవాడు. ఆ మధ్యాహ్నం మా వసారాలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చేపల పులుసు, ముక్క మీద ముక్క తినడం నేను ఫోనులో చూశాను. ముల్లు తీసి గుంటలోకి విసరడం కూడా చూశాను. సాయంత్రం ప్రార్థన మధ్యలో లేచి, కళ్లు మూసుకుని, చెయ్యి చాపి, "ఉపవాస బలిపీఠం దగ్గర పులుసు వాసన వస్తోంది" అన్నాను. పాపం ఆయన మోకాళ్ల మీద పడి ఏడ్చేశాడు. అల్లరికి చేశాను, అంతే. బయటికొచ్చాక ఆయన భుజం మీద చెయ్యేసి నిజం చెప్పి నవ్వేద్దామనుకున్నాను. కానీ గుమ్మం దాటేసరికి ముగ్గురు ఆడవాళ్లు నా చేత ప్రార్థన చేయించుకోవడానికి నిలబడి ఉన్నారు. ఒకావిడ చేతిలో కొబ్బరినూనె సీసా, దాని మీద చెయ్యి పెట్టమని. పెట్టాను. నవ్వడం వాయిదా పడింది.

ఆ తరవాత ఇంకో అయిదుగురు. అందులో ఒకామె ప్రాణం కాపాడాను. రొమ్ములో గడ్డ ఉందని తోటి మనిషితో వసారాలో గుసగుసగా చెబుతుంటే విని, కూడికలో ఆమె వైపు చూస్తూ, "నువ్వు దాచుకున్నది దేవుడికి కనపడుతోంది, వైద్యుడి దగ్గరికి వెళ్లు" అన్నాను. వెళ్లింది. కాపాడానని రాశాను గాని, కాపాడిందేమీ లేదు. డాక్టరు చూసి ఏం కాదని మాత్రలిచ్చి పంపాడు. కానీ ఆమె ఏం దాచుకుందో ఆ ఆదివారానికల్లా ఊళ్లో ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఆమె మళ్లీ మా నీడకి రాలేదు. వ్యాను కోసం ఎండలో నిలబడేది. అప్పుడైనా నాకు అర్థం కావలసింది.

నా భార్యకి మాత్రం మొదటి నుంచీ అనుమానం. "అందరి గుట్లూ నీకు చెప్పే ప్రభువు, షుగరు మాత్ర ఏసుకోమని మాత్రం ఒక్కనాడు చెప్పడేందయ్యా?" అనేది, మాత్ర నా అరచేతిలో పెడుతూ.

ఇప్పుడు ఆ మనిషి సంగతి.

కెమెరా రాకముందు ఏడాది, మా పాస్టరయ్యగారు ఆమెను తీసుకొచ్చి గుంట దగ్గర పని ఇమ్మన్నారు. ముప్పై ఏళ్లు ఉంటాయి. పక్కన ఆరేళ్ల కూతురు. భర్త పోయాడని చెప్పింది. రోజుకు నాలుగు పూటలు మేత చల్లడం, రొయ్యలు తిన్నాయో లేదో చెక్‌ట్రే ఎత్తి చూడడం, షెడ్డులోనే కాపురం. పనిలో వంక పెట్టడానికి లేదు. మా మతం కాదు, అయినా ఆదివారం వచ్చి చివరి వరసలో, వెనక గోడకు బదులు కట్టిన టార్పాలిను పక్కన కూర్చునేది. ఎండాకాలంలో కూడా మోచేతులు దాటిన జాకెట్టు. ఫోను లేదు. పాతది ఒకటి ఇస్తానన్నా వద్దంది.

"ఫోనంటే నాకు తలనొప్పి పెద్దాయనా."

పిల్లను బళ్లో చేర్పించలేదు. ఊరి బడి టీచరమ్మ దయతలచి, పేరు రాయకుండానే కూర్చోబెట్టుకునేది. క్రిస్మస్‌కి సంఘం తరఫున పిల్లకో నీలం రంగు సంచి ఇస్తే, ఆ సంచి వీపు మీద లేకుండా ఆ పిల్లను నేనెప్పుడూ చూడలేదు. గుంట గట్టు మీద తిరుగుతున్నా, అన్నం తింటున్నా సంచి ఉండాల్సిందే.

ఫోను ఎందుకు వద్దందో, బళ్లో పేరు ఎందుకు రాయించలేదో ఒక మధ్యాహ్నం తెలిసింది. వాళ్ల అక్క మూడు బస్సులు మారి వచ్చింది. ఇద్దరూ సరిగ్గా స్తంభం కింద కూర్చున్నారు. నేను కుర్చీలో, ఫోను చెవిలో.

"నీ మొగుడు నిన్న గూడా వచ్చి గడపలో కూర్చున్నాడు మే" అంది అక్క. "పిల్లని చూపిస్తారా చస్తారా అని. చెన్నైకి పొయ్యిందని చెప్పినాను. నమ్మలేదు."

"పిల్లని బళ్లో ఎయ్యాలంటే ఆధారు సరిజెయ్యాలంట. సరిజేస్తే ఓటీపీ ఆయన ఫోనుకి పోతాది. ఏ ఊరి నించి జేసినారో తెలిసిపోతాది. అందుకే ఎయ్యలేదు. నేను యాడుండేదీ ఎవురికీ చెప్పబాక అక్కా. అమ్మకి గూడా."

"అమ్మకి గూడానా?"

"కొడితే చెప్పేస్తాది అమ్మ. నా ఎడం చేతి మీద కాగే నూనె పోసినోడు పిల్ల మీద పొయ్యడా?"

ఏరియేటరు తిరుగుతున్న చప్పుడు. తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీలో అతను డ్రైవరని, ఆమె అక్కడి నుంచి పిల్లను చంకనేసుకుని వచ్చేసిందని, మధ్య మధ్య మాటల్లో తెలిసింది. నేను విని ఫోను పక్కన పెట్టేశాను.

పెట్టలేదు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. మర్నాడు ఇంకోసారి విన్నాను. ముప్పై రోజులు దాచిపెడతారు కదా.

ఎండలు ముదరకముందు మా ఊళ్లో మూడు రోజుల సభలు జరిగాయి. బయటి నుంచి ఒక దైవజనుడు వచ్చాడు. మొదటి రోజే జనంలో ఒకతన్ని లేపి, వాళ్ల నాయన అతన్ని చిన్నప్పుడు ఏ ముద్దుపేరుతో పిలిచేవాడో చెప్పాడు. జనం అదిరిపోయారు. నా ముందు కూర్చునే ఆడవాళ్లు, నూనె సీసాలతో సహా, ఆయన వైపు జరిగారు. ఆ పేరు ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఆయన దగ్గర కూడా ఏదో చెవి ఉండే ఉంటుందని మాత్రం నాకు కడుపు మండింది.

మూడో రోజు సాయంత్రం సాక్ష్యాల వేళ మైకు నా చేతికొచ్చింది. ఎదురుగా స్టాండు మీద ఒక ఫోను, సభ మొత్తం నేరుగా ఇంటర్నెట్టులో వస్తోంది. కళ్లు మూసుకున్నాను.

"ఇక్కడ ఒక సహోదరి ఉంది. విధవరాలినని చెప్పుకుంటోంది. భర్త బతికే ఉన్నాడు. తడ దిక్కున ఉన్నాడు. ఎడమ చేతి మీద కాలిన మచ్చ నాకు కనపడుతోంది. నూనె కనపడుతోంది. ఒక ఆడబిడ్డ కనపడుతోంది. సహోదరీ, దాక్కోవద్దు, వెలుగులోకి రా."

హల్లెలూయా అని జనం మోగించారు. ఆ తరవాత "భయపడకు, మేమున్నాం" అని చెబుదామనుకున్నానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అలాంటిదేమీ అనుకోలేదు. వెలుగులోకి రా అన్నంతవరకే ఆలోచించాను.

కళ్లు తెరిచి చూస్తే ఆమె లేవలేదు. కొంగు తీసి ఎడమ చేతి మీద కప్పుకుంది. కప్పుకోవడం చూసి ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగారు. వాళ్లను చూసి మిగిలినవాళ్లు తిరిగారు. ఆమె మాత్రం ఎవరినీ చూడలేదు, నన్నే చూసింది. ఒళ్లో పిల్ల నిద్రపోతోంది, సంచి వీపు మీదే ఉంది.

మర్నాడు పొద్దున గుంట దగ్గరికి వెళ్లాను. ఆమె మేత బక్కెట్టు కింద పెట్టి వచ్చింది.

"పెద్దాయనా, నిన్న మీరు చెప్పింది ఎవురు చెప్పినారు మీకు?"

"ప్రభువు బయలుపరిచాడమ్మా."

"నూనె సంగతి నేను మా అక్కకి తప్ప ఎవురికీ చెప్పలేదు. దేవుడికి గూడా చెప్పలేదు."

ఆమె తలెత్తి స్తంభం వైపు చూసింది. కెమెరాను చూసింది, మళ్లీ నన్ను చూసింది. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. దాని అడుగున బెజ్జం ఎందుకుందో కనుక్కోవడానికి ఆమెకు ఒక్క చూపు చాలింది.

"ఇది ఇంటాది గదా?"

"కొంచెం."

"ఎన్నాళ్లుగా ఇంటా ఉండారు?"

చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "దాన్ని తీసెయ్యండి, నిన్నటి వీడియో తీయించండి. నన్ను పట్టించబాకండి పెద్దాయనా, మీ కాళ్లకి మొక్కతా" అంది. నా కంటే నలభై ఏళ్లు చిన్నది, నిజంగానే వంగింది.

ఎక్కడికైనా పోతానంటే ఆపేవాణ్ని కాదు. కానీ పిల్లకి అప్పుడే జ్వరం మొదలైంది. ఈ ఒక్క చోటు దొరకడానికే ఆమె ఎన్ని గడపలు ఎక్కిందో, ఒక్క పూటలో ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?

వీడియో పని వెంటనే చేశాను. పాస్టరయ్యగారికి చెబితే ఆయన ముఖం నల్లబడింది, అక్కడికక్కడే తీయించారు. కానీ అప్పటికే ఎవరో నా ముక్క ఒక్కటే కత్తిరించి, వెనక సంగీతం పెట్టి, వాట్సాపులో వదిలారు. ఆ సాయంత్రం అది నా ఫోనుకే వచ్చింది. ఆశీర్వాదం కావాలంటే పదిమందికి పంపండి అని కింద రాసి ఉంది.

కెమెరా తీయలేదు. ఆక్సిజన్ మీటరు దాంట్లోనే ఉందని, రొయ్యలు పెద్దవవుతున్నాయని, వాటిని పట్టి అమ్మేశాక తీస్తానని అన్నాను. అది సగం నిజం. ఆమె ఖాళీ మేత సంచి ఒకటి కెమెరాకు తొడిగి తాడుతో కట్టేసింది. నా ఫోనులో అంతా నలుపు. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు గట్టు మీదికి పోయి ఆ తాడు విప్పేశాను. వినను, ఊరికే చూస్తాను అని నాకు నేను చెప్పుకున్నాను. ఈ మొత్తం రాతలో కొట్టేయాలనిపించిన వాక్యం ఏదైనా ఉంటే అదే. వదిలేస్తున్నాను.

సభలు అయిన పదకొండో రోజు, ఉదయం పదింటికి అతను మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. చేతిలో బత్తాయిల సంచి. నా భార్య తెలియక మంచినీళ్లిచ్చింది. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. ఫోను తీసి నా ముక్క నాకే చూపించాడు.

"మీరే గదా పెద్దాయనా. ప్రభువు మీకు చూపించినాడంట. నా భార్య, నా బిడ్డ. ఇప్పుడు యాడుండారో గూడా చూపియ్యమనండి. బిడ్డని చూసి రెండేళ్లయింది."

కళ్లు చెమ్మగిల్లాయి అతనికి. అవి నిజమైన కన్నీళ్లే, అందుకే ఎక్కువ భయం వేసింది. అబద్ధం నా జీవితంలో మొదటిసారి పనికొచ్చే వేళ వచ్చిందనుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

"ఆ రాత్రే ఈ ఊరు విడిచిపోయారు, ఉత్తర దిక్కు కనపడుతోంది నాయనా. ఒంగోలు అవతల. పొగాకు ఎండేసిన కొట్టాలు కనపడుతున్నాయి."

"ఒంగోలు అవతల" అన్నాడు, రాసుకుంటున్నట్టు. నమ్మాడు. నిజంగా నమ్మాడు. లేవబోయాడు కూడా.

టింగుమంది.

నా ఫోను మా ఇద్దరి మధ్య టీపాయి మీద వెల్లకిలా ఉంది. గుంట దగ్గర ఎవరు కదిలినా అది అలా మోగుతుంది. మోగి బొమ్మ చూపిస్తుంది. ఎర్రగీతల చదరంలో ఆమె, చెక్‌ట్రే ఎత్తుతూ వంగి ఉంది. ఇంకో చదరంలో పిల్ల, వీపు మీద సంచితో. పైన మేత దుకాణం అతను ఎప్పుడో రాసిపెట్టిన నా పేరు, ఊరి పేరు, రొయ్యల గుంట.

అతను వంగి చూశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టేలోగా చదివేశాడు. కోపం లేదు, కేక లేదు. గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి కింద పెట్టాడు.

"వస్తానమ్మా. నీళ్లు చల్లగా ఉండాయి" అన్నాడు నా భార్యతో.

బండి చప్పుడు మలుపు తిరిగింది. గుంట మూడు కిలోమీటర్లు. ప్రవక్త గారి గుంట ఎక్కడని అడిగితే దారిలో పసిపిల్లలు కూడా చూపిస్తారు. ఆమెకు ఫోను లేదు. నా భార్య ఒక్క క్షణంలో సంగతి గ్రహించి పక్కింటి బండి కోసం పరిగెత్తుతూ, "ఫోన్లో ఏం జూస్తా ఉండావయ్యా, లెయ్!" అని అరిచింది. నేను లేవలేదు. మైకు బొమ్మ వెతుకుతున్నాను. సముద్రం పక్క సిగ్నలు తెలిసిందే, తెర మీద చక్రం తిరుగుతోంది. తిరిగి తిరిగి బొమ్మ వచ్చింది. నొక్కి కేకపెట్టాను.

"అమ్మా, పరిగెత్తు! వాడొస్తున్నాడు! పిల్లని తీసుకోని పరిగెత్తు!"

నా కేక ఆమెను కాపాడింది అని రాయగలిగేవాణ్ని, ఆ రికార్డు లేకపోతే. అది ఇప్పుడు పోలీసు స్టేషనులో ఉంది. అక్కడ కూర్చోబెట్టి నాకు చూపించారు.

ఏరియేటర్లు ఆపిన వేళ అది. గట్టు మీద బండి వస్తుంటే దూరం నుంచే వినపడుతుంది. రికార్డులో బండి చప్పుడు సన్నగా మొదలవుతుంది. ఆమె తల ఎత్తి దారి వైపు తిప్పబోతుంది. సరిగ్గా అప్పుడు నా గొంతు స్తంభంలో నుంచి వస్తుంది, బొంగురుగా, ముక్కలు ముక్కలుగా, "అమ్మా... వాడు... పిల్ల..." అని. ఆమె దారి వైపు నుంచి స్తంభం వైపు తిరుగుతుంది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తుంది. "ఎవురది?" అంటుంది. నేను ఇంకా అరుస్తూనే ఉంటాను. ఆమె ఇంకా వింటూనే ఉంటుంది, దారికి వీపు పెట్టి.

తరవాత అతను బొమ్మలోకి వస్తాడు. చెక్‌ట్రే కట్టే వెదురు గెడ అతనికి చేతికందే చోట ఉంది. ఇంక రాయను.

వ్యాను కోసం రోడ్డు మీద నిలబడ్డ ఆడవాళ్లు పిల్ల అరుపు విని పరిగెత్తుకొచ్చారు. ఎండలో నిలబడే ఆమె, గడ్డ సంగతి నేను బయటపెట్టిన ఆమె, అందరికంటే ముందు వచ్చి అన్నం క్యారేజీతో అతని తల మీద కొట్టింది. వాళ్లు అతన్ని పట్టుకున్నారు. నేను అక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది.

నెల్లూరు పెద్దాసుపత్రిలో ఆమెకు ఎడమ చేతిలో రెండు ఎముకలు విరిగాయన్నారు. కాలిన చెయ్యే. ఆ మోచెయ్యి ఇంక పూర్తిగా చాపుకోదన్నారు. నా భార్య దగ్గర ఉంది, పిల్లను ఒళ్లో పెట్టుకుని. నేను వస్తానంటే, "నువ్వు రాబాక" అంది. నాలుగో రోజు పొద్దున మంచం ఖాళీ. తల్లీ లేదు, పిల్లా లేదు. ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. పిల్ల సంచి మాత్రం షెడ్డులో దండెం మీద ఉండిపోయింది.

ఆ వారమే నేను మనిషిని స్తంభం ఎక్కించి కెమెరా తీయించాను. మేత దుకాణం అతన్ని అడిగాను, పైన ఉన్నది కూడా తీసెయ్యమని.

"మీ ఫోనులో తీసేసినాను గదా పెద్దాయనా."

"పైన?"

"పైనది మన చేతిలో లేదు."

మందిరంలో లేచి అంతా చెప్పాను. ప్రభువు ఎప్పుడూ నాతో ఏమీ చెప్పలేదని, కెమెరా చెప్పిందని, విన్నది దొంగతనంగా విన్నానని. తల దించుకున్నాను. తరవాత ఎవరో, "ఎంత తగ్గింపు, ఎంత వినయం!" అన్నారు. మరుసటి శుక్రవారం నూనె సీసాలు ఇంకా పెరిగాయి. పులుసు తిన్న సంఘ పెద్ద బయట నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"కెమెరాలో బొమ్మ కనిపిస్తాది, మాట ఇనిపిస్తాది, సరే. పులుసు వాసన గూడా వస్తాదా అన్నా? నన్ను ఓదార్చేదానికి అబద్ధం చెప్పబాక."

ఆమె భర్త మూడు వారాలకి జైలు నుంచి బెయిలు మీద వచ్చాడు. ఆ ఆదివారం నుంచి మా మందిరానికి వస్తున్నాడు. చివరి వరసలో, టార్పాలిను పక్కన, ఆమె కూర్చునే చోటే కూర్చుంటాడు. పాటలు పాడడు, వాక్యం తెరవడు. నన్నే చూస్తుంటాడు. నా ఒప్పుకోలు గురించి విన్నాడు, నమ్మలేదు. ఒంగోలు అబద్ధం చెప్పిన మనిషి ఇది కూడా అబద్ధమే చెబుతాడు కదా. నాకు మళ్లీ ఎప్పుడో చూపు వస్తుందని, నోరు జారుతుందని అతని ఆశ. పోలీసులకు చెబితే, మందిరంలో కూర్చోవడం నేరం కాదన్నారు. అందుకని నేను మందిరంలో నోరు తెరవడం మానేశాను. పాట కూడా పాడను.

పోయిన నెలలో ఒక ఆదివారం మేత వేసే మనిషి రాకపోతే నేనే గుంటకు వెళ్లాను. పదింటికి గట్టు మీద ఒకామె నడిచి వచ్చింది. వాళ్ల అక్క. పలకరించలేదు, నేరుగా షెడ్డులోకి వెళ్లి దండెం మీది నీలం సంచి తీసుకుంది. దుమ్ము దులిపింది.

"ఈరోజే ఎందుకొచ్చావమ్మా?" అన్నాను.

"ఆదివారం పదింటికయితే వాడు మీ చర్చిలో ఉంటాడని అమ్మ చెప్పింది."

"ఏ అమ్మ?"

"మీ ఇంట్లో అమ్మ."

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. నేను చెయ్యెత్తి ఆపేశాను. వద్దమ్మా, వాళ్లెక్కడున్నారో నాకు చెప్పొద్దు, నాకు తెలియకపోవడమే మంచిది అన్నాను.

ఆమె ఏమీ చెప్పబోలేదు. నేనే అడిగాను. "యాడుండారమ్మా? చెయ్యి ఎట్టుంది? పిల్ల బడికి పోతా ఉందా?" అని మూడూ ఒక్క ఊపిరిలో అడిగాను. ఆమె సంచి భుజానికి తగిలించుకుని, తలెత్తి స్తంభం పైకి చూసింది. అక్కడ నాలుగు స్క్రూ బెజ్జాలు తప్ప ఏమీ లేవు. అయినా జవాబు చెప్పకుండానే రోడ్డు వైపు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి నా భార్య మందిరం నుంచి వచ్చి వంటింట్లో ఉంది. నేనేమీ అడగలేదు.

అడిగాను. గుమ్మంలో నిలబడి, "నీకు తెలుసా?" అన్నాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి తిరగలేదు.

"షుగరు మాత్ర ఏసుకున్నావా?" అంది.